తోముకొచ్చిన నోరు

వస్తుంది, ఎందుకు రాదు, సక్కుబాయి మాటంటే మాటే అని డాక్టర్ పుణ్యవతి తనకు తనే ధైర్యం చెప్పుకుంది. చెప్పుకున్న మరుక్షణమే ఆ ధైర్యం కాస్తా జారిపోగా మళ్లీ అద్దం గోడ దగ్గరికి వెళ్లి కిందికి చూసింది. ఇలా చూడ్డం ఎన్నోసారో ఆవిడకే తెలీదు. మాదాపూర్ గుట్టల్లో మొన్న మొన్న లేచిన ఈ మేడకు కిటికీలంటూ వేరే లేవు, గోడకు గోడే అద్దం, తలుపు తీసి గాలి పీల్చుకుందామంటే వీల్లేదు. బయట ఎండ వాలుతున్నా ఇంకా చురుక్కుమంటూనే ఉంటుందని తెలుసు, ఇక్కడ మాత్రం ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకోవాల్సి వచ్చింది. కింద కొత్త తారు రోడ్డు, రోడ్డు పక్కన ఇంకా ఎవరూ పగలగొట్టని బండలు, బండల నీడన మేకలు, మేకల్ని అదిలిస్తూ ఒక ముసలాయన, ఆయన్ని దాటుకుంటూ కంపెనీ బస్సులు. సిటీ బస్సు ఒకటి ఆగింది. దిగినవాళ్లంతా మెడలో బిళ్లలు వేలాడే కుర్రకారు, ఒక్క బుట్ట గానీ ఒక్క ముతక చీర గానీ లేదు. గోపన్‌పల్లి నుంచి ఇక్కడికి తిన్నగా బస్సు కూడా లేదాయె, లింగంపల్లి దాకా వచ్చి, అక్కడ మారి, దిగాక నడవాలి, నడవగలదా, ఈమధ్య నాలుగడుగులేస్తేనే ఆయాసమంటోంది, ఆటోకని ఏమైనా చేతిలో పెట్టి రావాల్సింది, పెడితే తీసుకునే మనిషైతే కదా. పుణ్యవతి అద్దానికి నుదురు ఆనించింది, చల్లగా తగిలేసరికి వెనక్కి తీసుకుంది.

ఇంకాసేపట్లో ఈ గదిలో గోడకున్న తెర వెలుగుతుంది. అవతలి దేశపు విశ్వవిద్యాలయం వాళ్లు అందులో కనపడతారు, వాళ్లకక్కడ పొద్దున కాఫీల వేళ. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ల నోటి జబ్బుల మీద పరిశోధన చేసే మనుషుల్ని పేద దేశాల్లోనే తయారు చెయ్యాలని వాళ్లకు ఇన్నాళ్లకు బుద్ధి పుట్టింది. మన దవాఖానాలో ఒక లేబొరేటరీ, మనవాళ్లకు చదువు, మనవాళ్ల పేరు మీద పని. అలా చెయ్యాలా, లేక ఎప్పట్లాగే ఉమ్మి సీసాల్ని ఐసు పెట్టెల్లో సర్ది విమానమెక్కించమనాలా అన్నది ఈ సాయంత్రం తేలుతుంది. వాళ్లడిగింది ఒక్కటే. మీ దగ్గర రోగులు రెండోసారి రారట కదా, పిలిస్తే వచ్చే రోగిని ఒక్కరిని చూపించండి, నోట్లో తెల్లపూత ఎలా ఉందో మీరు పరీక్ష చేస్తుండగా మేమూ చూస్తాం అన్నారు. పుణ్యవతి సక్కుబాయిని అడిగింది. మొహం కనపడదు, కెమెరా నోటి దగ్గరే ఉంటుంది, పేరు కూడా చెప్పను, ఆ రోజు మాత్రం నోటికిచ్చిన నీలిమందు పూసుకోకుండా రావాలి అంది. సక్కుబాయి నవ్వి, నీలిమందు లేకుంటే అదే పదివేలు డాక్టరమ్మా అంది. అది పూసుకుంటే పెదాలు నీలమైపోతాయి, చూసిన ప్రతివాడూ ఏమైంది ఏమైందని చెవినిల్లు కట్టుకుని పోరతాడు, కొంగు అడ్డం పెట్టుకుని ఆకుకూరలెలా అమ్మాలి.

ఐసు పెట్టెల సంగతి పుణ్యవతికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు. గిరీష్‌కి తెలుసు. గిరీష్ పేరు మనసులోకి రానివ్వకూడదనుకుంది, వచ్చేసింది, రాక ఏం చేస్తుంది, ఈ మేడలోనే పై అంతస్తులో కూచున్నాడు కదా. ఈ గది ఇప్పించింది అతనే. వాళ్ల మేనేజర్ని బతిమాలుకుని, సాయంత్రం ఖాళీగా ఉండే వేళ చూసి, మేడం మీరు రండి, కెమెరా గిమెరా నేను చూసుకుంటా అన్నాడు ఫోన్లో. మేడం. ఎప్పుడూ మేడమే. ఒకే ఊరివాళ్లు కాకపోయినా ఒకే జిల్లావాళ్లు, ఇద్దరూ కడప బస్సెక్కి వచ్చినవాళ్లే, ఆరేళ్లు ఒకే దవాఖానాలో పక్క పక్క గదుల్లో పనిచేశారు. ఆవిడ నోళ్లు చూసి గీకి పంపేది, అతను ఆ గీకినదాన్ని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూసేవాడు. తెల్లగా ఉన్నా ఎర్రగా ఉన్నా గీకి పంపండి మేడం, మీ కంటికి కనపడకపోయినా నా కంటికి కనపడుతుంది అనేవాడు, కాస్త పొగరుగానే అనేవాడు, ఆ పొగరు ఆవిడకు ఇష్టంగా ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వానాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చాక, అతను కంటిని మైక్రోస్కోపు మీంచి తియ్యకుండానే చెయ్యి వెనక్కి చాపి, పుణ్యా, ఇట్ల చూడు అన్నాడు. చూసింది. బూజు తీగలు కొమ్మలు కొమ్మలుగా అల్లుకుని ఉన్నాయి. ఆవిడ తల అతని భుజానికి ఆనుకునే ఉంది, ఇద్దరిలో ఎవరూ జరగలేదు, తర్వాత అటెండరు మునిస్వామి టీ తెచ్చాడు. అంతే, అంతకు మించి ఏమీ లేదు, ఉంటే బాగుండు. ఆ తర్వాత మళ్లీ మేడమే.

ఆ ఏడాదే పెట్టెలు పంపించారు. ఇద్దరూ నెలల తరబడి వేళ్లు కొంకర్లు పోయేలా ఐసులో చేతులు పెట్టి సీసాలు సర్దారు. అవతల ఎక్కడో పెద్ద పత్రికలో వ్యాసమొచ్చింది, ఆఖర్ని చిన్నక్షరాల్లో ఫలానా దవాఖానా సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు అని ఉంది. గిరీష్ ఆ ముక్కని పైకి చదివి నవ్వాడు, ఆ నవ్వు పుణ్యవతి ఇప్పటికీ మర్చిపోలేదు. మనం పెట్టెలు కట్టేవాళ్లమే కదా మేడం అన్నాడు. అదే నెల మైక్రోస్కోపు బల్బు పేలింది. కొత్తది కావాలని రాశారు, మళ్లీ రాశారు, సుబ్బరాయుడు గారు, అంటే వాళ్ల విభాగానికి పెద్దాయన, చూద్దాం చూద్దాం అంటూ నీళ్లు నమిలారు. బల్బు లేని మైక్రోస్కోపు ముందు కూచుని గిరీష్ కొన్నాళ్లు కిటికీలోంచి ఎండని అద్దంతో పట్టి స్లైడు మీదికి పంపేవాడు. ఎండ లేని రోజున ఊరికే కూచునేవాడు. అలా ఊరికే కూచున్న ఒక రోజున అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు కాగితం ఎవరో చేతిలో పెట్టారు. ఊరు ఊరంతా ఆ కోర్సుల మీదే పడి ఉంది, బోటనీ చదివినవాడూ అదే, బీకాం చదివినవాడూ అదే. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లకు అది పంతొమ్మిది వందలో రెండువేలో తెలీక తికమక పడతాయట, వాటికి సంవత్సరం సరిగ్గా చెప్పడమే ఇప్పుడతని పని. కంటికి కనపడని బూజును పట్టేవాణ్ని తీసుకొచ్చి అంకెలు దిద్దడానికి కూచోబెట్టారు, ఎవరిని అనాలి. వెళ్లిపోతున్నానని చెప్పడానికి వచ్చిన రోజు పుణ్యవతి ఉండిపోమని అడగలేదు. అడిగితే ఏ హక్కుతో అంటాడోనని భయపడింది. అతను అనేవాడు కాదు. అనడని అప్పుడూ తెలుసు.

బల్బు రాకపోలేదు, వచ్చింది. అతను వెళ్లిన రెండో వారానికే వచ్చింది. పిలిచి చెప్పాలని ఫోను దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో, చెప్తే ఏమంటాడు, ఇప్పుడేం చేసుకోను అంటాడు, ఆ మాట వినలేక చెప్పలేదు. ఇప్పటికీ బీరువాలో దాని అట్టపెట్టె సీలు కూడా విప్పకుండా ఉంది. స్లైడు చూసి చెప్పేవాడు లేకపోయాక ఆవిడ గీకి పంపడం మానేసింది, ఎవరికి పంపాలి. అయినా పొద్దున సంచీ సర్దుకునేటప్పుడు చిన్న అద్దం, టార్చి, చేతి తొడుగులు పెట్టుకున్నాక దూదిలో చుట్టిన స్లైడ్లు కూడా పెట్టుకుంటుంది. చందానగర్‌లో ఆవిడుండే ఇంటి పనిమనిషి కూడా, వాడరు గదమ్మా, రోజూ ఎందుకు మోస్తరు అని అడిగింది. అలవాటు అంది. అలవాటేనా, ఏమో.

సక్కుబాయి నోట్లో తెల్లపూత కనపడింది కూడా చందానగర్ మార్కెట్లోనే. దవాఖానాలో కాదు. అది విచిత్రమే మరి. ఒక ఆదివారం గోంగూర కోసం, ఇక్కడివాళ్లు పుంటికూర అంటారు, వెళ్తే గోనెసంచి పరుచుకుని సక్కుబాయి కూచుని ఉంది, బేరమాడే ఆసామిని ఏదో అని, తన మాటకు తనే పడీ పడీ నవ్వింది. నోరంతా తెరిచి నవ్వేసరికి నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు పేరుకున్నట్టు తెల్లగా పూత. దవాఖానాలో ఎన్నిసార్లు చూసినా ఆవిడ నోరు ఎర్రగా పుండులా ఉండేదే తప్ప తెలుపు కనపడలేదు. ఆ రోజు సక్కుబాయి కట్టలు కడుతూ, పుంటికూర అమ్ముత గని తిననీకి రాదు డాక్టరమ్మా, పులుపు తగిల్తె పానం పోతది, రాత్రి కలల రొట్టె, పుంటికూర తొక్కు తింటున్నట్లు అస్తది, లేసి సూస్తె నోట్ల నీళ్లూరి ఉంటయి అంది. అంటూనే కొసరుగా ఇంకో కట్ట పుణ్యవతి సంచిలో వేసింది. ఆ కూర వండుకుని పుణ్యవతి తినలేకపోయింది.

దవాఖానాలో మిగతా రోగుల నోళ్లు కూడా అంతే, ఎర్రగానే. పుస్తకాల్లో చూస్తే ఈ జబ్బున్న సగం మంది నోళ్లలో తెల్లపూత ఉండాలి, ఈవిడ ఏడాదిగా చూసిన నోళ్లలో ఎక్కడో ఒకటీ అరా. సుబ్బరాయుడు గారు దానికో సిద్ధాంతం చేశారు, మనం తినే కారానికి ఏ పురుగు నిలుస్తుందమ్మా అని. ఆయన సరదాకే అన్నారు గానీ అవతలి దేశం వాళ్లు నవ్వలేదు, ఆహారం వల్లనేమో, అదే పరిశోధించవలసిన విషయమేమో అని ఉత్సాహపడ్డారు. పోనుపోను పుణ్యవతి కూడా సగం నమ్మింది. సుబ్బరాయుడు గారికి శుభ్రం పిచ్చి ఒకటి. విభాగం గుమ్మానికి ఆయనే దగ్గరుండి బోర్డు రాయించారు, రోగులు నోరు శుభ్రముగా తోముకొని లోనికి రావలెను అని, ఎర్రక్షరాలతో. చదువు రానివాళ్ల కోసం మునిస్వామి వరండాలో నిలబడి ఆ ముక్కే కేకేస్తుంటాడు. అలా కేకేస్తుండగానే ఒక పొద్దున ఎల్లేశం వచ్చాడు.

ఎల్లేశం సక్కుబాయి పెనిమిటి. గిరీష్ వెళ్లిపోయిన వారమే వచ్చాడు, అందుకే బాగా గుర్తు. బండలు కొట్టే మనిషి, ఈ మాదాపూర్ గుట్టల్లోనే కొట్టేవాడట, ఈ మేడ కింది రాయి కూడా అతను పగలగొట్టిందేనేమో. చేతులు ఇనుములా ఉన్నాయి, మనిషి మాత్రం చొక్కాలో వదులైపోయాడు. నోరు మంట, మింగుడు పడటం లేదన్నాడు. తెరిపించి చూస్తే నాలుక కమిలి ఎర్రగా ఉంది, తెల్లగా ఏమీ లేదు. గీకాలా అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది, పక్క గది తాళం వేసి ఉంది, విటమిన్ లోపమే అయి ఉంటుందిలే అనుకుని మాత్రలు రాసి కారం మానెయ్యమంది. అతను లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, రొట్టె తినొచ్చునా అమ్మా అని అడిగాడు. మెత్తగా నానబెట్టుకుని తిను అంది. రెండు వారాలకు రమ్మంది, రాలేదు. మళ్లీ అతని మాట విన్నది సక్కుబాయి నోట, నాలుగు నెలలకు ఛాతీ దవాఖానాలో పోయాడని, అక్కడే జబ్బు బయటపడిందని, ఆఖరి నెల నీళ్లు తప్ప లోపలికి పోలేదని. ఆయన మిమ్మల్నే చెప్పిండు, మంచిగ మాట్లాడ్తదని, అందుకే మీ తానికే అచ్చిన అంది సక్కుబాయి. ఆ మాటకు పుణ్యవతి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది.

తలుపు చప్పుడైంది. సక్కుబాయి అనుకుని ప్రాణం లేచొచ్చినట్టు తిరిగింది, గిరీష్. మెడలో బిళ్ల, ఇస్త్రీ చొక్కా, జుట్టు కాస్త పలచబడింది. వచ్చిందా మేడం అన్నాడు. లేదంది. వస్తుందిలే అని కెమెరా దగ్గర వంగి తీగలేవో సరిచేస్తున్నాడు. ఆ వంగడం అదే, మైక్రోస్కోపు మీద వంగినట్టే, ఎడం కన్ను కాస్త మూసుకుని. అతని మెడ వెనక ఎండ పడి ఉంది. పని బాగుందా అని అడిగింది, బాగుంది మేడం, జీతం బాగుంది అన్నాడు, ఒక ప్రశ్నకు రెండు జవాబులు చెప్పాడు. బల్బు వచ్చింది గిరీష్ అని నాలుక చివరిదాకా వచ్చింది. అతను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు కూడా. ఈలోగా మూలనున్న ఫోను మోగింది. కింద కాపలా అతను, ఎవరో ఆమె ఒచ్చింది సార్, పైకి పంపాల్నా, బుట్ట గూడ ఉంది అంటున్నాడు.

సక్కుబాయి లిఫ్టులో వచ్చి, ఆ వణుకు తీరక గోడ పట్టుకుని నిలబడింది. నూనె రాసి దువ్విన తల, పెట్టెలోంచి తీసిన చీర, మడతలింకా పోలేదు. బస్సు రాలేదని, లింగంపల్లి కాడ చానసేపు నిలబడ్డానని, పరేషాన్ చేసినందుకు ఏమనుకోవద్దని గుక్క తిప్పుకుంటూ చెప్పింది. పుణ్యవతికి ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది, కుర్చీ మాత్రం చూపించింది. తెర మీద నీలంగా ఏదో మినుకుమంది, ఇంకో నిమిషం మేడం అన్నాడు గిరీష్. ఎందుకైనా మంచిదని ముందే ఒకసారి చూసుకుందామని పుణ్యవతి తొడుగులు వేసుకుని, నోరు తెరవమని టార్చి వేసింది.

తెలుపు లేదు. నాలుక మీద లేదు, బుగ్గల్లో లేదు, అంగిట్లో లేదు. నోరంతా తోలు ఊడినట్టు ఎర్రగా, అక్కడక్కడా రక్తపు చుక్కలతో ఉంది. ఇంతకాలం కాచుకున్నది ఇందుకా, తెరలో వాళ్లేం చూస్తారు, ఇక పెట్టెలే, జీవితాంతం పెట్టెలే. మందేమైనా పెట్టావా అని అడిగింది.

"మందేం పెట్టలే డాక్టరమ్మా. పెద్దోళ్లు సూస్తరంటిరి గద, పొద్దుగాల్నే ఉప్పు, బొగ్గుపొడి కలిపి బట్టతోని మంచిగ రుద్దుకున్న. తెల్లగుంటె ఏం బాగుంటది."

"ఇంతకుముందు దవాఖానాకొచ్చినప్పుడు కూడా ఇట్లాగేనా?"

"తోముకోకుండ అస్తె ఆ మునిస్వామి లోపటికి రానిస్తడా. మా ఆయన గూడ గట్లనే అచ్చిండు. ఆయనకైతె చెయ్యి లేవకుండె, నేనే రుద్దిన. నెత్తురొచ్చిందాక రుద్దిన. కంపు నోరు ఏసుకొని డాక్టరమ్మ ముంగటికి ఎట్ల పోతవు అని."

బోర్డు కళ్ల ముందు నిలిచింది, ఎర్రక్షరాలు, రావలెను. ఏడాదిగా చూసిన నోళ్లన్నీ వరసగా తెరుచుకున్నాయి, ఎర్రగా, శుభ్రంగా, ఆవిడకు మర్యాద చెయ్యడం కోసం పుండయ్యేదాకా తోముకున్న నోళ్లు. కారమూ కాదు, ఆహారమూ కాదు. మాసిన నోటితో డాక్టరు ముందు కూచోవడం సిగ్గనుకునే మనుషులు, సిగ్గుపడమని బోర్డు కట్టిన డాక్టర్లు. ఈ సంగతి ఏ పెట్టెలో పెట్టి పంపితే వాళ్లకు తెలుస్తుంది, ఇక్కడ ఉండి చూసేవాళ్లుంటే తప్ప. ఇదే చెప్పాలి వాళ్లకు. తెల్లపూత చూపించలేను, ఈ ఎరుపు ఎందుకో చెప్తాను, వినండి అనాలి. అన్నీ తోసుకుంటూ ఆ రోజు గుమ్మం దగ్గర వెనక్కి తిరిగిన ఎల్లేశం మనసులోకి వచ్చాడు, రొట్టె తినొచ్చునా అమ్మా. ఆ రోజు గీకి ఉంటే. పక్క గదిలో చూసేవాడుంటే. బూజు తెలిసేది, మందు పడేది. ఎల్లేశం బతికేవాడు కాదేమో, తినేవాడు. నాలుగు నెలలు రొట్టె, తొక్కు తినేవాడు.

సక్కుబాయి ఆవిడ మొహం చూసి బెదిరింది. తప్పు చేసిన్నా డాక్టరమ్మా అంది చిన్నగా. లేదు సక్కుబాయీ, నువ్వేం తప్పు చెయ్యలేదు అని పుణ్యవతి ఆవిడ భుజం పట్టుకుంది, పట్టుకోవడమైతే పట్టుకుంది గానీ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయింది.

కెమెరా వెనక గిరీష్ లేడు. చెప్పుల అలికిడి విని తిరిగేలోపే అతను వచ్చి పక్కన వంగాడు, ఆవిడ చేతిలో పక్కకు వాలిన టార్చిని తన చేత్తో పట్టి నిలబెట్టాడు, సక్కుబాయి మళ్లీ నోరు తెరవగా ఎడం కన్ను కాస్త మూసి ఆ ఎర్రటి నాలుకను చాలాసేపు చూశాడు. అతని భుజం ఆవిడ భుజానికి ఆనుకుని ఉంది. ఇద్దరిలో ఎవరూ జరగలేదు. తెర వెలిగింది, అవతలి నుంచి ఎవరో హలో అంటున్నారు, వినపడుతోందా అని అడుగుతున్నారు. అతను అటు చూడలేదు.

"పుణ్యా," అన్నాడు, "స్లైడ్లుండాయా?"

పుణ్యవతి సంచీలోకి చెయ్యి పెట్టింది. దూది మెత్తగా తగిలింది.

"ఉండాయి," అంది. "బల్బు కూడా వచ్చింది."